ఏడు నిమిషాల ఆలస్యంతో జాతీయ ప్రాముఖ్యం

ఒలింపిక్స్ ముగిసి, పతకాల పట్టికలో మన దేశం పేరు కోసం వేలు కిందికి జరుపుకుంటూ పోయే రోజుల్లో ఒక డిమాండు క్రమం తప్పకుండా వినిపిస్తుంది. ప్రభుత్వ ప్రసార సంస్థ ఆటల కోసమే ఒక చానెల్ పెట్టాలట. టీవీ చర్చల్లో పెద్దమనుషులు బల్ల గుద్ది మరీ అడుగుతారు. యాంకరమ్మ "నిజమే కదండీ" అని ప్రకటనలకి వెళ్లిపోతుంది. ఆ చానెల్ 1998 మార్చి 18నే పుట్టిందనీ, పేరు డీడీ స్పోర్ట్స్ అనీ, ఆ చర్చ జరుగుతున్న సమయంలో కూడా అది ఏదో ఒకటి చూపిస్తూనే ఉందనీ ఎవరూ గుర్తు చేయరు. ఓటు హక్కు వచ్చి ఏళ్లయిన కొడుకుని ఇంట్లో పెట్టుకుని, సంతానం కోసం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసే దంపతుల్లా ఉంది మన వ్యవహారం.

అయినా దీన్ని తప్పుపట్టకూడదు, మెచ్చుకోవాలి. పాతికేళ్లకి పైగా ఒక జాతీయ చానెల్‌ని, అది ఉన్నట్టు జాతికి తెలియకుండా నడపడం సామాన్యమైన విద్యా? ప్రైవేటు వాళ్లకి ఆ నిగ్రహం ఎక్కడిది? వాళ్లు చానెల్ పెట్టకముందే ఫ్లెక్సీలు కడతారు. మన పెద్దలు గుప్తదానం గొప్పదన్నారు. దూరదర్శన్ ఒక మెట్టు పైకెక్కి గుప్తప్రసారం కనిపెట్టింది.

కాబట్టి పెట్టాలా వద్దా అన్న చర్చని ఇంతటితో ముగించి, పెట్టినదాన్ని దేనికి వాడుతున్నాం అన్న దగ్గరికి వద్దాం. దూరదర్శన్‌ని నడిపే ప్రసారభారతి సంస్థ చట్టం 1990 నాటిది, అమల్లోకి వచ్చింది 1997లో. సంస్థ బాధ్యతలు చెప్పే 12వ సెక్షన్‌లో, ఆటలకి తగినంత చోటివ్వాలనీ, ఆరోగ్యకరమైన పోటీనీ క్రీడాస్ఫూర్తినీ పెంచాలనీ ఉంది. క్రికెట్ అనే మాట అక్కడ లేదు. రాసినవాళ్లు మరిచిపోయి ఉంటారు. ఆ లోటుని తరవాత వచ్చిన మంత్రులూ అధికారులూ లాయర్లూ కలిసి చాలా శ్రమపడి పూడ్చారు.

ఈ ప్రేమకథ మొదట్లో ఇలా లేదు. 90ల తొలి రోజుల్లో మ్యాచ్ చూపించమని క్రికెట్ బోర్డు అడిగితే, దూరదర్శనే ఎదురు డబ్బు అడిగేది, మ్యాచ్‌కి 5 లక్షల చొప్పున. ఈ సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే తాతకి మతి తప్పిందనుకుంటారు. వాళ్లని అనడానికి లేదు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్ముడుపోయాయి. అందులో ఒక్క టీవీ హక్కే మ్యాచ్‌కి 57.5 కోట్లు పలికింది. ఇంత బంగారు గని తలుపు తట్టి లోపలికి రానివ్వమంటే, చెప్పులు విప్పుకునే చోటికి అద్దె అడిగిన వ్యాపారదక్షత మనవాళ్లది.

1993లో హీరో కప్ వచ్చింది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కుల్ని ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ కంపెనీకి అమ్మింది. అంతే, దూరదర్శన్‌కి ఒక్కసారిగా దేశభక్తి పొంగింది. ఆకాశం మాది, మా అనుమతి లేకుండా అందులోకి బొమ్మలు పంపడానికి మీరెవరంది. ఆధారం ఏమిటయ్యా అంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. విక్టోరియా మహారాణి తంతి తీగల కోసం చేసిన చట్టాన్ని స్వతంత్ర భారతం ఉపగ్రహాల మీద ప్రయోగించింది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆ కంపెనీ సామగ్రిని పట్టుకున్నారు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదు, ప్రజా ప్రయోజనం కోసం స్వతంత్ర సంస్థ వాటిని నియంత్రించాలి అన్నది సారాంశం. ప్రభుత్వం ఆ తీర్పుని శ్రద్ధగానే చదివింది. 'ప్రజల ఆస్తి' అన్నంతవరకు చదివి, ప్రజలంటే మేమే కదా అనుకుని పుస్తకం మూసేసింది.

అసలు రక్తి 2007లో ఉంది. క్రికెట్ బోర్డు హక్కుల్ని నింబస్ అనే కంపెనీ 61.2 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ జనవరిలో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు దూరదర్శన్‌కి సిగ్నల్ ఇవ్వడానికి మొరాయించింది. ఢిల్లీ హైకోర్టు ఇద్దరికీ మధ్యేమార్గం చూపింది: దూరదర్శన్ చూపించుకోవచ్చు, ఏడు నిమిషాలు ఆలస్యంగా. ఒక్కసారి ఊహించండి. కేబుల్ ఉన్న ఇంట్లో బ్యాట్స్‌మన్ పెవిలియన్‌కి చేరి ప్యాడ్లు విప్పుకుంటుంటే, యాంటెన్నా ఉన్న ఇంట్లో అదే బ్యాట్స్‌మన్ గార్డు తీసుకుంటూ ఉంటాడు. గోడకి అవతల కేక వినిపించిందంటే ఇవతల ఏడు నిమిషాల తరవాత ఏం జరగబోతోందో తెలిసిపోతుంది. పేదవాడి ఇంటికి జ్యోతిషం ఉచితంగా వచ్చిన సందర్భం బహుశా అదొక్కటే.

ఈ ఏడు నిమిషాల అవమానాన్ని రాజ్యం సహించలేకపోయింది. హక్కులు కొన్నవాడు సిగ్నల్‌ని దూరదర్శన్‌తో పంచుకోవాలంటూ ఫిబ్రవరిలో ఆర్డినెన్స్, మార్చిలో చట్టం. 1996లో సభలో పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు అప్పటికి పదకొండేళ్లుగా దారి వెతుక్కుంటూ ఉంది. దానికి 2023 దాకా ఆగే ఓపిక ఉంది కానీ, క్రికెట్ ఫీడుకి వారాలు కూడా ఆగే ఓపిక లేదు. ఇంకో ముచ్చట. అప్పటి సమాచార ప్రసార మంత్రి ప్రియరంజన్ దాస్‌మున్షీ. అదే సమయంలో ఆయన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కూడా. దేశంలో ఫుట్‌బాల్‌కి పెద్దదిక్కు అయిన మనిషి, చేతిలో దూరదర్శన్ మొత్తాన్ని పెట్టుకుని, కేంద్ర ప్రభుత్వ యంత్రాంగాన్నంతా పరుగెత్తించి సాధించింది క్రికెట్ సిగ్నల్!

ఫుట్‌బాల్‌ని పూర్తిగా మరిచారని అంటే పాపం తగులుతుంది. ఆ చట్టం కింద 'జాతీయ ప్రాముఖ్యం గల క్రీడా పోటీలు' అని ప్రకటించిన జాబితాలో సంతోష్ ట్రోఫీ కూడా ఉంది, సెమీఫైనల్ నుంచి. క్రికెట్‌లో మన పురుషుల జట్టు ఆడే ప్రతి వన్డే, ప్రతి టీ20 పుట్టుకతోనే జాతీయ ప్రాముఖ్యం కలది. ఫుట్‌బాల్ మాత్రం ఆఖరి నాలుగు జట్లలోకి వచ్చి అర్హత నిరూపించుకోవాలి. హైదరాబాద్ రెండుసార్లు, ఆంధ్రప్రదేశ్ ఒకసారి గెలుచుకున్న ట్రోఫీ అది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే హైదరాబాదీ కోచ్ మన జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ తీసుకెళ్లిన ఆట అది. రహీమ్ సాబ్ ఎవరో తెలుసుకోవడానికి ఈ తరానికి ఒక హిందీ సినిమా కావాల్సివచ్చింది.

ఇన్నేళ్ల ఆచారాన్ని గమనించి, ఒక ఆట జాతీయ ప్రాముఖ్యం సంపాదించుకోవడానికి కావలసిన అర్హతల్ని ఇలా క్రోడీకరించాను. ఔత్సాహిక క్రీడా సంఘాలు వాడుకోవచ్చు, రుసుము లేదు.

ఒకటి: ఆ ఆటని ఇంకెవరో ముందే కోట్లు పోసి కొని ఉండాలి. ఎవరూ కొననిదానికి ప్రాముఖ్యం ఎక్కడినుంచి వస్తుంది?

రెండు: దాన్ని దేశం ఇప్పటికే ఇంకో చానెల్లో చూస్తూ ఉండాలి. ఎవరూ చూడనిదాన్ని చూపించి జనానికి కొత్త అలవాట్లు నేర్పడం ప్రభుత్వ పని కాదు.

మూడు: ఓవరుకీ ఓవరుకీ మధ్య ఒక సబ్బు ప్రకటన పట్టేంత సందు ఉండాలి. ఊపిరి బిగబట్టి ఆడే కబడ్డీలో సబ్బు ఎక్కడ అమ్ముతాం?

నాలుగు: గెలిస్తే అభినందన సందేశం పెట్టడానికి మంత్రిగారి పేషీలో ఒకరికైనా ఆ ఆట రూల్సు తెలిసి ఉండాలి.

ఈ నాలుగూ ఉంటే చట్టం పల్లకీ పట్టుకుని వస్తుంది. హక్కులు కొన్నవాడు సిగ్నల్ ఇవ్వాలి, దూరదర్శన్ చూపిస్తుంది, ప్రకటనల రాబడిలో 75 వంతులు కొన్నవాడికి, 25 వంతులు ప్రసారభారతికి. కెమెరా మోయక్కర్లేదు, వేలంలో చెయ్యి ఎత్తక్కర్లేదు, వాన పడితే నష్టపోయే భయం లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తాడని విన్నాం. ఇక్కడ దానం చేసినందుకు అల్లుడికి పావలా వాటా కూడా!

ఇదంతా పేదవాడి కోసమే అని మనకి చెప్పారు. కేబుల్ బిల్లు కట్టలేనివాడికి కూడా ఇండియా ఆడే మ్యాచ్ దక్కాలి. మంచి మాట, నిజంగానే మంచి మాట. కానీ 2017లో సుప్రీంకోర్టు ఒక మెలిక సరిచేసింది. అలా పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ భూతల ప్రసారానికీ, దాని ఉచిత డీటీహెచ్ సేవ అయిన ఫ్రీ డిష్‌కీ మాత్రమే, కేబుల్ ద్వారా వెళ్లే డీడీ చానెల్‌కి కాదు. కేబుల్లోకి కూడా పోతే కోట్లు పోసి కొన్నవాడి గతేం కాను? దాంతో ఒకే చానెల్ పేరు మీద ఒక ఇంట్లో మ్యాచ్, ఇంకో ఇంట్లో మరో కార్యక్రమం. ఇక భూతల ప్రసారం సంగతి. ఆ యాంటెన్నాలకి సిగ్నల్ పంపే అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో చాలావాటిని 2022 నాటికి దూరదర్శనే మూసేసింది. యాంటెన్నా ఉన్నవాడి హక్కు కోసం పార్లమెంటు దాకా వెళ్లి పోరాడి, గెలిచి, ఆ తరవాత యాంటెన్నాని పాతసామాన్ల వాడికి వేసిన ఘనత ప్రపంచంలో ఇంకే ప్రసార సంస్థకైనా ఉందేమో చూడాలి.

మిగిలింది ఫ్రీ డిష్. ఇక్కడ మాత్రం వెటకారం పక్కన పెట్టాలి, ఎందుకంటే ఇది మంచి పని. 2004 డిసెంబరులో మొదలైంది. డిష్ కొనుక్కుంటే చాలు, నెలనెలా బిల్లు లేదు. నాలుగు కోట్లకి పైగా ఇళ్లలో ఉందని అంచనా. 2023లో కేంద్రం ప్రసార వసతుల కోసం 2,539 కోట్ల పథకాన్ని ఆమోదించి, అందులో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకి 8 లక్షలకి పైగా ఉచిత సెట్‌టాప్ బాక్సులిస్తామంది. అంటే గూడేనికి పెట్టె చేరుతుంది. ఆ పెట్టెలో గూడెం ఆడే ఆట ఎప్పుడు కనిపిస్తుందన్నది మాత్రం పథకంలో రాసుకోలేదు.

కామన్వెల్త్ క్రీడల మాట కూడా ఒకసారి అనుకోవాలి. 2010లో ఢిల్లీలో అన్ని ఆటల్నీ తానే చిత్రీకరించి ప్రపంచానికి అందించే ఆతిథ్య ప్రసారకర్త హోదా దూరదర్శన్‌కి దక్కింది. సొంతంగా నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. ఆ పనిని ఒక బ్రిటిష్ కంపెనీకి 246 కోట్ల కాంట్రాక్టుగా అప్పజెప్పారు. తరవాత విచారణకి వేసిన షుంగ్లూ కమిటీ దాన్ని తప్పుపట్టింది, ప్రసారభారతి ముఖ్య కార్యనిర్వహణాధికారి సస్పెండయ్యారు. ఆటలు పదకొండు రోజుల్లో అయిపోయాయి. విచారణకి మాత్రం క్రీడాస్ఫూర్తి ఎక్కువ, అది చాలాకాలం ఆడింది.

ఇక అసలు పాఠానికి వద్దాం. దాని పేరు కబడ్డీ. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో అది పతకాల ఆట అయింది. అక్కడినుంచి 2010 వరకు జరిగిన ఆరు ఆసియా క్రీడల్లోనూ పురుషుల స్వర్ణం మనదే. డీడీ స్పోర్ట్స్ పుట్టింది 1998లో. అంటే ప్రపంచంలో మనల్ని ఎవరూ ఓడించలేని ఆట ఒకటి పదహారేళ్లపాటు దాని గుమ్మం ముందు కూత పెడుతూ తిరిగింది. హక్కుల కోసం వేలం లేదు. విదేశీ కంపెనీ పోటీ లేదు. విక్టోరియా మహారాణి చట్టం అక్కర్లేదు. ఆర్డినెన్స్ అంతకన్నా అక్కర్లేదు. ఒక మ్యాట్, నాలుగు మంచి కెమెరాలు, పక్కన నాలుగు దీపాలు. అంతే కావాల్సింది.

2014 జులైలో స్టార్ వాళ్లు వచ్చి ప్రొ కబడ్డీ లీగ్ మొదలుపెట్టారు. మొదటి సీజన్‌నే 43 కోట్ల మందికి పైగా చూశారని ప్రేక్షకుల లెక్కలు చెప్పాయి. మన విశాఖలో తెలుగు టైటాన్స్ ఆడితే, బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి పేరు పెట్టి పిల్లలు అరిచారు. ఆ రోజున దూరదర్శన్ భవనంలో ఎవరికీ నిద్ర పట్టి ఉండకూడదు. కానీ ఎందుకు పట్టదు? నష్టం కలిగితే కదా దిగులు. 25 శాతం క్రికెట్ ఎలాగూ వస్తోంది.

మార్కెట్ చేయని పని చేయడానికే ప్రభుత్వ చానెల్ అని అందరూ చెప్పే మాట. మన దగ్గర తలకిందులైంది. మార్కెట్ చూపించే క్రికెట్ కోసం సర్కారు కోర్టులెక్కింది. సర్కారు చూపించాల్సిన కబడ్డీని మార్కెట్ ఇంటింటికీ చేర్చింది. ఇదే స్పెయిన్‌లో ప్రభుత్వ టీవీ 1994 నుంచి టెలెడెపోర్టె అనే క్రీడా చానెల్ నడుపుతోంది. పెద్ద ఫుట్‌బాల్ లీగుల్ని ప్రైవేటుకి వదిలేసి, ప్రకటనదారులు పట్టించుకోని ఆటలకీ ఆడవాళ్ల పోటీలకీ అందులో చోటిచ్చారు. స్పెయిన్ వాళ్లకి మన సంగతి తెలిస్తే, ఇంత తేలిక మార్గం మాకెందుకు తట్టలేదని బాధపడతారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. జిల్లా స్థాయి ఖోఖో, పాఠశాల జాతీయ పోటీలు ఎవరు చూస్తారండీ అని. సంక్రాంతికి కోస్తా పల్లెల్లో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ పోటీలు జరిగే చోటికి వెళ్లి చూడండి. మైకు పట్టుకున్న కుర్రాడు రెయిడర్ పేరూ, రెండో బహుమతి దాత పేరూ ఒకే ఊపిరిలో చెబుతుంటాడు. ఇంకొకడు సెల్‌ఫోన్‌ని కర్రకి కట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంటాడు. దుబాయ్‌లో ఉన్న ఆ ఊరివాడు డ్యూటీ దిగి దాన్నే చూస్తుంటాడు. వీళ్లకి 2,539 కోట్ల పథకం లేదు. కర్ర ఉంది.

మనకి అలవాటైన ప్రత్యక్ష ప్రసారం వేరే ఉంది. ఆటకన్నా సన్మానం టెలికాస్ట్‌కి బాగా అనువైనది. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో రజతం గెలిచి పి.వి. సింధు వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా టాప్ లేని బస్సులో ఊరేగించాం. తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. చెక్కుల్లో కూడా రెండు రాష్ట్రాల మధ్య హోరాహోరీ, స్కోరు బోర్డు ఒక్కటే తక్కువ. ఆ అమ్మాయి ఆ బహుమతికి నూటికి నూరుపాళ్లూ అర్హురాలు. అడగాల్సింది ఒక్కటే. బస్సు ఎక్కిన క్రీడాకారిణిని చూపించడానికి ఇన్ని కెమెరాలు దొరికినప్పుడు, బస్సు ఎక్కబోయే క్రీడాకారిణిని వెతకడానికి ఒక్క కెమెరా ఎందుకు దొరకదు? వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఒక కోచ్ కంట పడింది కాబట్టి బయటికొచ్చింది. కోచ్ కంట పడని దీప్తులు ఎందరున్నారో ఏ కెమెరా చెప్పదు, ఎందుకంటే ఏ కెమెరా అటు వెళ్లలేదు.

దూరదర్శన్ అసలు కదలలేదని అనను. 2023లో వెస్టిండీస్ పర్యటనని యాదగిరి, సప్తగిరి చానెళ్లలో తెలుగు వ్యాఖ్యానంతో ఇచ్చింది. 2025 జనవరిలో ఢిల్లీ ఖోఖో ప్రపంచకప్‌నీ, తిరిగి మొదలైన హాకీ ఇండియా లీగ్‌నీ చూపించింది. ఒలింపిక్స్ వేళల్లో ఫ్రీ డిష్ ఇళ్లకి అదే దిక్కు. అంటే చేయడం చేతకాక కాదన్నమాట. చేతనవుతుందని నిరూపించుకున్నాక మానేయడం ఎక్కువ నేరం.

అందుకని కొత్త చానెల్ అడిగే పెద్దలకి నా మనవి. దయచేసి అడక్కండి. అడిగితే పెడతారు. ఒక లోగో, ఒక ప్రారంభోత్సవం, మంత్రిగారి చేతిలో ఒక బ్యాటు, ఆయన ఆడలేని ఒక బంతి, ఆ తరవాత మళ్లీ గుప్తప్రసారం. దానికి బదులు 2007 చట్టాన్ని ఒక్కసారి తిరగేసి రాయమందాం. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే ప్రతి జాతీయ క్రీడా సమాఖ్యా తన జాతీయ పోటీల సిగ్నల్‌ని డీడీ స్పోర్ట్స్‌కి ఇచ్చి తీరాలి. డీడీ స్పోర్ట్స్ దాన్ని చూపించి తీరాలి, తెలుగు పిల్లలు ఫైనల్‌కి వస్తే తెలుగులో. ఖర్చుకి క్రికెట్ నుంచి వచ్చే ఆ 25 శాతం ఉండనే ఉంది. కోట్లు సంపాదించే ఆట, కోచ్‌కి జీతం కూడా దొరకని ఆటకి ఆ మాత్రం అద్దె కట్టడం న్యాయమే. ఫోన్లలో చూసేవాళ్ల కోసం ప్రసారభారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ కూడా పెట్టుకుంది. చూపించే గొట్టాలకి కొదవ లేదు.

ఇది జరుగుతుందా? అడ్డుకునేవాడు ఎవడూ లేడు. అండర్-14 ఖోఖో హక్కులు మావని సుప్రీంకోర్టుకి పరుగెత్తే కంపెనీ లేదు. ఏడు నిమిషాల ఆలస్యం అడిగే లాయరు లేడు. విమానాశ్రయంలో పట్టుకోవడానికి సామగ్రి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎవరో ఒకరు లాక్కోవడానికి సిద్ధంగా ఉంటే తప్ప దేన్నీ తన సొంతం అనుకోని ప్రభుత్వం మనది. కాబట్టి ఖోఖో సంఘం వారికి నా ఉచిత సలహా: ముందుగా ఒక బహుళజాతి కంపెనీని బతిమాలో బామాలో మీ ఆట మీద ఒక కేసు వేయించుకోండి. మర్నాటికల్లా మీకు జాతీయ ప్రాముఖ్యం వస్తుంది.